రెండో సంతకం

ఆమెకు దావా వేసే అర్హత లేదని మూడుసార్లు రాసింది నేనే. మొదటిసారి రాసేనాటికి ఆమె ముఖం కూడా చూడలేదు. రెండోసారి రాసేటప్పటికి చూశాను, మాట్లాడాను. మూడోసారి చెయ్యి కాసేపు ఆగింది. అయినా రాశాను. నా ఉద్యోగమే అది.

మా ఇల్లు రాయచూరు దగ్గర కల్మలలో. కాలువ కింది తాలూకాలో ఉన్న నీటిపారుదల ఆఫీసులో గుమస్తాని. రోజూ బస్సులో గంటకు పైగా ప్రయాణం. ఆఫీసులో నా బల్లను కోర్టు కేసుల సీటు అంటారు. మా శాఖ మీద ఎవరైనా కోర్టుకెక్కితే, ఆ దావాలోని ఒక్కొక్క పేరాకు మా తరఫున జవాబు రాసి, ఇంజినీరుగారి సంతకం తీసుకుని, ప్రభుత్వ వకీలుకు పంపడం నా పని. ఆ సీటు ఎవరూ కోరి తీసుకోరు. తారీకు తప్పితే మాట పడాలి, గెలిస్తే ఎవరూ గుర్తుపెట్టుకోరు. నాకు ఎందుకిచ్చారంటే, నేను కన్నడ బడిలో చదివాను, ఇంట్లో మాట్లాడేది తెలుగు. తెలుగు అక్షరాలు మా నాన్న పలక మీద నేర్పాడు. కాలువ కింద క్యాంపుల్లో ఉండేవాళ్ళు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు రైతులు. వాళ్ళ గొడవలు నాకు సులభంగా అర్థమవుతాయని మా హెడ్ క్లర్కు లెక్క.

ఆ సీట్లో నాకంటే ముందున్నాయన వెళ్ళిపోతూ ఒక నోటు పుస్తకం ఇచ్చి వెళ్ళాడు. అందులో ముందే తయారుచేసి పెట్టిన వాక్యాలున్నాయి. వాదికి ఈ దావా వేసే అర్హత లేదు. చట్ట ప్రకారం ఇవ్వవలసిన నోటీసు ఇవ్వలేదు. చేర్చవలసినవారిని చేర్చలేదు. ఈ కోర్టు పరిధిలోకి రాదు. ఏ దావా వచ్చినా మొదట ఈ నాలుగూ ఎక్కించి, ఆ తర్వాత విషయం చదవమని ఆయన సలహా. "సగం కేసులు వీటి దగ్గరే ఆగిపోతయి, మనం విషయం దాకా పోయే పనే ఉండదు" అన్నాడు. నేను అలాగే నేర్చుకున్నాను.

ఆమె దావా అలా వచ్చినవాటిలో ఒకటి. ఒక క్యాంపు పక్కన ఉపకాలువ ఉంది. క్యాంపు ఒక గట్టున, సర్కారు బడి అవతలి గట్టున. మధ్యలో పెద్ద రాతి బండలు పరిచిన కాలిబాట వంతెన ఉండేది. కాలువకు సిమెంటు లైనింగు చేసినప్పుడు కంట్రాక్టరు ఆ బండలు తీసి గట్టు మీద కుప్ప పోశాడు. పని అయ్యాక తిరిగి వెయ్యలేదు. కొత్త నక్షాలో ఆ చోట దాటుదారే లేదు. రోడ్డు వంతెన మీదుగా తిరిగిపోతే నడిచేవాళ్ళకు గంట పడుతుంది. ఆ దారి మళ్ళీ ఇప్పించమని ఒక స్త్రీ, ఒక్కతే, దావా వేసింది.

ఆమెకు యాభై దాటాయి. అవతలి గట్టు బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. మా వైపు దాన్ని బిసియూట అంటారు. భర్త రెండెకరాలు కౌలుకు చేస్తాడు. క్యాంపులో మిగతా ఇళ్ళలో మోటారు సైకిళ్ళున్నాయి, ఆమె ఇంట్లో లేదు. పిల్లల్ని బళ్ళ మీద దింపేవాళ్ళు దింపుతున్నారు. రోజూ పొద్దున గంట, సాయంత్రం గంట నడిచే మనిషి దాదాపు ఆమె ఒక్కతే. ఇవన్నీ దావా కాగితంలోనే ఉన్నాయి. నేను చదివిందీ నిజమే. కాని నా కళ్ళు వెతికింది నోటీసు కోసం. ఇవ్వలేదు. ప్రభుత్వం మీద దావా వేసేముందు రెండు నెలల గడువుతో రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అంత ఆగలేని అత్యవసరమైతే కోర్టు అనుమతితో మినహాయింపు ఉంటుంది. ఆమె వకీలు ఆ మినహాయింపే అడిగాడు. ఇవ్వకూడదని మేం రాశాం.

వాయిదా రోజున ఫైలు పట్టుకుని నేనూ వెళ్ళాను. తాలూకా కోర్టు హాలు వెనక గోడకానుకుని, చేతిలో టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉంది ఆమె. వంట ముగించి వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళు ఇంకా పైకి దోపి ఉన్నాయి. జడ్జిగారు నాకంటే చిన్న వయసు ఆవిడ. కాగితాలన్నీ చూసి, బండలు తీసి ఎన్నాళ్ళయిందని అడిగారు. ఆరు నెలలు అన్నాడు ఆమె వకీలు. ఆరు నెలలు ఆగినవారు ప్రభుత్వానికి రెండు నెలలు గడువు ఇవ్వడానికి అభ్యంతరం ఏమిటని జడ్జిగారి ప్రశ్న. నోటీసు ఇచ్చి మళ్ళీ రమ్మని దావా కాగితం తిరిగి ఇచ్చేశారు.

వరండాలో అతను ఆమెకు రెండు మాటలు చెప్పి పక్క హాలుకు పరుగెత్తాడు. ఆమె ఆ కాగితాలు పట్టుకుని అక్కడే నిలబడింది. అటు వెళ్తున్న కోర్టు జవానును ఆపి, "బాబూ, కొట్టేశారా?" అని అడిగింది. అతను తల అడ్డంగా ఊపాడో నిలువుగా ఊపాడో తెలియకుండా ఊపి వెళ్ళిపోయాడు. నాలుగడుగుల దూరంలో నేనున్నాను. కొట్టెయ్యలేదు, తిరిగి ఇచ్చారంతే, మళ్ళీ వేసుకోవచ్చు అని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఎదుటి పక్షం మనిషిని కదా అని చెప్పలేదు. బస్సెక్కాక ఆ మాట నన్ను చాలాసేపు వదల్లేదు.

పదిరోజులకు ఆమే మా ఆఫీసుకు వచ్చింది. నోటీసు ఒక ప్రతి రాయచూరులో జిల్లా ఆఫీసుకు ఇచ్చి, రెండోది మాకు ఇవ్వడానికి తెచ్చింది. టపా తీసుకునే అతను భోజనానికి పోతే నేనే ఆ బల్ల దగ్గర కూర్చున్నాను. కవరు ఇస్తూ నా ముఖం పరీక్షగా చూసింది.

"మీరు ఆ రోజు కోర్టులో ఉన్నారు గదండీ? కట్ట పట్టుకుని?"

"ఆ, నేనే అక్కా."

"మా కాగితానికి ఎదురు రాసింది మీరేనా?"

"ఆఫీసు రాసింది. రాసిన చెయ్యి నాది."

ఆమె కోపం తెచ్చుకుంటుందనుకున్నాను. "అయితే ఈ కవరు మీ చేతికిచ్చిందే మంచిదయ్యింది. పోయిందన్నారంటే మిమ్మల్నే అడుగుతా" అంది. నేను నవ్వి, ముద్ర వేసి, రసీదు ఇచ్చాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి డబ్బా మూతలో దాచుకుంది.

"ఈ రెండు నెలలూ ఎందుకండీ?"

"సర్కారుకు ఆలోచన చేసుకోనీకి టైం ఇస్తరక్కా. కోర్టుకు పోకుండనే సరిచేస్తే మంచిదే కద అని."

"చేసుకుంటారా ఆలోచన?"

నేను స్టాంపు ప్యాడు మూత పెట్టడంలో మునిగిపోయినట్టు నటించాను.

ఆ నోటీసుకు జరిగిందేమిటో నాకు తెలుసు. నోటు రాసి పైకి పెట్టాను. పరిశీలించండి అని ఇంజినీరుగారు రాశారు. కింది ఆఫీసుకు పోయింది. మంజూరైన పనిలో వంతెన లేదు అని తిరిగి వచ్చింది. ఫైలు చేశాను. రెండు నెలలు నిండిన వారానికే కోర్టు నుంచి రెండో దావా కాగితాలు వచ్చాయి.

ఈసారి నోటీసు ఉంది కనుక నోటు పుస్తకంలో మరో వాక్యం పనికొచ్చింది. ఇది అందరి దారి అని వాది తానే చెబుతోంది, కాబట్టి మిగతావారికంటే ప్రత్యేకంగా తనకొక్కదానికే జరిగిన నష్టం చూపలేదు, ఆమెకు పొలం లేదు, నీటి వినియోగదారుల సంఘంలో సభ్యురాలు కాదు, కాబట్టి అర్హత లేదు. రాసినంతసేపూ ఆ టిఫిన్ డబ్బా కళ్ళముందు ఉంది. కాని వాక్యాలు చట్టం ప్రకారం సరిగానే ఉన్నాయి. జడ్జిగారూ అదే అన్నారు. ఈ రూపంలో దావా నిలవదు, సరైన రూపంలో మళ్ళీ వేసుకునే హక్కుతో వెనక్కు తీసుకోవచ్చు అని ఆదేశం ఇచ్చారు.

మూడోరోజు మధ్యాహ్నం ఆమె ఆ ఆదేశం నకలు పట్టుకుని వచ్చింది. వకీలు వేరే కేసు మీద కలబుర్గి వెళ్ళాడట, వారానికి గాని రాడట. కాగితం ఇంగ్లీషులో ఉంది. "మా బడి పంతులుగారు చదివారండీ. ఆయనకీ సగమే తెలిసింది. మీకు తెలుస్తుంది గదా" అంది.

హెడ్ క్లర్కు గది తలుపు తెరిచే ఉంది. నేను లేచి ఆమెను సైకిళ్ళ షెడ్డు దగ్గరకు తీసుకెళ్ళాను. నిలబడే చదివి, ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను.

"అందరు నడిచే దారి అని నువ్వే రాసినవ్ కద అక్కా. అట్లాంటి దాని మీద ఒక్కరే వచ్చి అడిగితే కుదరదంట."

"నడిచేది నేనొక్కదాన్నే గదండీ ఇప్పుడు! బళ్ళున్నోళ్ళకి ఏం బాధ?"

"అట్లని రాస్తే ఇంకో చిక్కు. సర్కారు కాలువ మీద నీ ఒక్కదానికి దారి ఎక్కడిది అని అడుగుతరు."

"ఎవరడుగుతారు?"

"మేమే. నేనే రాస్త."

ఆమె నన్ను చూసింది. పక్కనున్న సైకిలు సీటు మీద చెయ్యి ఆనించింది. "అంటే అందరిదంటే నాది కాదు, నాదంటే అందరిది కాదు. మరి ఎవరిదండీ అది?"

"ఆగు, ఇంకా ఉంది" అని తర్వాతి పేరా చదివాను. ప్రజలందరికీ సంబంధించిన ఇలాంటి విషయంలో ఇద్దరు గాని అంతకంటే ఎక్కువమంది గాని, కోర్టు అనుమతి తీసుకుని దావా వెయ్యవచ్చు. తమకు ప్రత్యేకంగా నష్టం జరిగిందని వాళ్ళు చూపక్కర్లేదు.

"ఇద్దరుంటే చాలా?"

"ఇద్దరు చాలంట."

"రెండోవాళ్ళు కూడా నాలాగ నడిచేవాళ్ళే అవ్వాలా?"

మళ్ళీ చదివాను. "లేదు. అట్ల రాయలేదు. ఎవరన్న సరే."

ఆమె వెళ్ళాక నాకు భయం వేసింది. నేరుగా హెడ్ క్లర్కు దగ్గరకు వెళ్ళి ఉన్నదంతా చెప్పేశాను. ఆయన రాయచూరు పాత బస్తీ మనిషి, రిటైరు కావడానికి ఎక్కువ కాలం లేదు. కన్నడ, తెలుగు, ఉర్దూ ఒకే వాక్యంలో కలిపి మాట్లాడతాడు.

"చదివి చెప్పినవా, సలా ఇచ్చినవా?"

"ఆర్డరుల ఉన్నది చదివి చెప్పిన, అంతే సార్."

"కోర్టు ఆర్డరు అందరిదీ. దాంట్ల దాచేది ఏముంది? ఛాయ్ వచ్చింది, తాగు."

ఆ తర్వాత ఆమె రెండో మనిషి కోసం క్యాంపులో తిరిగిన తిరుగుడు నాకు చాలా రోజులకు తెలిసింది. క్యాంపు పెద్దాయన, "కాలవోళ్ళతో తగువెట్టుకుంటే రేపు మన చివరి చేలకి నీళ్ళెవరొదుల్తారమ్మా?" అన్నాడట. పంతులుగారు సర్కారు ఉద్యోగి. ఆమెతో కలిసి వండే ఆవిడ మొదట సరేనంది, మర్నాడు పొద్దున ఆవిడ భర్త వచ్చి వద్దన్నాడు. పిల్లల తల్లులు, మావారినడగాలి అన్నారు, అడగలేదు. నాకు ఈ సంగతి చెప్పేటప్పుడు ఆమె ఎవరినీ ఒక్క మాట అనలేదు. "వాళ్ళ భయం వాళ్ళదండీ. నాట్లయ్యాక నీళ్ళు నాలుగురోజులాగితే ఇల్లంతా మంచమెక్కుతుంది. నాకంటే వాళ్ళకి పోయేది ఎక్కువ" అంది.

చివరికి ఆమెకు లస్కరు గుర్తొచ్చాడు. లస్కరంటే కాలువ గట్టు వెంట నడుస్తూ గేట్లు, గండ్లు కనిపెట్టి ఉండే మా శాఖ మనిషి. ఆ కాలువ మీద ఆయన ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరై, ఇడపనూరులో సొంత ఇంట్లో ఉంటున్నాడు. ఆమె బడి సెలవు రోజున రెండు బస్సులు మారి ఇడపనూరు వెళ్ళింది. బండలు తీసేసిన సంగతి ఆయనకు తెలియనే తెలియదు. విని, "అరె, ఎందుకు తీసిన్రు?" అని మూడుసార్లు అడిగాడట, ఆమె తీసినట్టుగా. తర్వాత లోపలికి పోయి చెప్పులు తొడుక్కుని వచ్చి, "ఎక్కడ చెయ్యాలె దస్కత్?" అన్నాడట.

కాని సంతకం చేసేముందు ఆయన ఒక పని చేశాడు. మా ఆఫీసుకు వచ్చాడు. తెల్లటి లుంగీ, ఇస్త్రీ చొక్కా, చేతికర్ర. నన్ను చూసి "బాగున్నవా బేటీ" అన్నాడు. నేను కుర్చీ వేశాను. హెడ్ క్లర్కు ఆయన్ను కౌగిలించుకున్నాడు. ఇద్దరూ ఒకే కాలంలో ఉద్యోగంలో చేరినవాళ్ళు.

"ఈ ఆఫీసు అన్నం తిన్న నేను. అందుకే చెప్పి చేద్దామని వచ్చిన. ఆ అమ్మతోని కలిసి దావాల దస్కత్ చేస్తున్న" అన్నాడు.

హెడ్ క్లర్కు ముఖంలో నవ్వు తగ్గింది. "నీకేం పని చాచా ఈ వయసుల? ఇడపనూరుల ఉంటవ్. ఆ దారెంబడి నువ్వు నడుస్తవా?"

"నడవను. మోకాళ్ళు పోయినయి."

"మరి?"

"నడిచేటోళ్ళను చూసిన కద. వానకాలంల కాలువ నిండ పారుతుంటే పిల్లల చేతులు పట్టి ఆ బండల మీద దాటిచ్చిన. ఒక పొద్దు పురిటి నొప్పులొచ్చిన పిల్లను మంచం మీద ఎత్తుకొని ఆ దారినే పోయినం. ఇప్పుడు నా ఆఫీసే కొత్త నక్షాల ఆ దారి లేదంటే ఎట్ల? నేనింకా బతికే ఉన్న కద."

కర్ర చెయ్యి మార్చుకుని ఆయనే, మెల్లగా, "పింఛన్ల ఏమన్న తిరకాసు పెడ్తరా?" అని అడిగాడు. అడగడానికి సిగ్గుపడ్డాడు కూడా.

"దానికీ దీనికీ సంబంధం లేదు. ఎవరన్న అట్లంటే నాకు చెప్పు" అన్నాడు హెడ్ క్లర్కు.

ఇద్దరూ కలిసి కొత్తగా నోటీసు ఇచ్చారు, మళ్ళీ రెండు నెలలు. ఆ రెండు నెలలూ ఆమె నడుస్తూనే ఉంది. అవి గడిచాక మూడో దావా, దానితోపాటు కోర్టు అనుమతి కోరే అర్జీ వచ్చాయి. అనుమతి ఇవ్వకూడదని రాయవలసింది నేనే. రెండో వాది ఆ ఊరివాడు కాదు, ఆ దారిని వాడేవాడు కాదు, శాఖలో పనిచేసి విరమించినవాడు కనుక వేరే ఉద్దేశం ఉండవచ్చు అని కింది ఆఫీసు చిత్తు పంపింది. మొదటి రెండూ రాశాను. మూడోది, వేరే ఉద్దేశం అన్న మాట, కొట్టేసి హెడ్ క్లర్కుకు చూపించాను. ఆయన కొట్టివేత పక్కన తన పొడి సంతకం పెట్టాడు.

అర్జీ విచారణ రోజున లస్కరు చాచా ఆమె పక్కనే బెంచీ మీద కూర్చున్నాడు. తన పేరు పిలవగానే కర్ర కింద పెట్టి, చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు. కూర్చోమని జడ్జిగారు సైగ చేసినా కూర్చోలేదు. ఆయన ఆ దారిలో నడవడనీ, ఆయనకు నష్టమేమీ లేదనీ మా వకీలు వాదించాడు. నడవనివాడు అడగకూడదని చట్టంలో ఏ మాట ఉందో చూపించమన్నారు జడ్జిగారు. మా వకీలు పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాడు. చదువుతూ చదువుతూ సగంలో వేగం తగ్గించాడు. అతను మంచివాడు, లేని మాట ఉందనడు. "ఆ విధంగా లేదమ్మా" అని పుస్తకం మూశాడు.

ఆదేశం చిన్నదే. చట్టం ఇద్దరిని కోరింది, ఇద్దరు వచ్చారు, నోటీసు ఇచ్చారు, గడువు ఆగారు. తనకోసం కాక పదిమంది కోసం అడగడం ఈ నియమం కింద లోపం కాదు. అనుమతి ఇస్తున్నాను, ప్రతివాదులు ఇక విషయం మీద జవాబు దాఖలు చెయ్యాలి. అంతే.

ఆమెకు ఈసారి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. చాచా చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతూ, "జాగర్తండీ, ఆ మెట్టు విరిగింది" అంటోంది.

మా వకీలు వరండాలో నాతో అన్నాడు, కన్నడలో: "గడప దగ్గర ఆపడం అయిపోయిందమ్మా. ఇక ఇంట్లోకి రానిచ్చి మాట్లాడాలి. అక్కడ వంతెన ఉండేదా, లేదా? అది రాసి పంపండి." అప్పుడు గాని నాకు తట్టలేదు. ఏడాదికి పైగా నడిచిన ఈ గొడవలో ఆ ప్రశ్నకు మేం ఒక్కసారీ జవాబు చెప్పలేదు. చెప్పవలసిన అవసరమే రాలేదు. ఎవరు అడగాలి, ఎలా అడగాలి, ఎప్పుడు అడగాలి, ఇదే రాశాం. ఆ నియమాలు తప్పని నేను అనను. నోటీసు చూసి సరిచేసిన పనులు నా సీట్లోనే కొన్ని ఉన్నాయి. కాని వాటి వెనక దాక్కోవడం మాకు అలవాటైపోయింది. అందులో నా వంతూ ఉంది.

కింది ఆఫీసు నుంచి చిత్తు వచ్చింది. ఆ చోట శాఖ నిర్మించిన వంతెన ఏదీ లేదు, గ్రామస్థులు అనుమతి లేకుండా పరుచుకున్న బండలను పనికి అడ్డుగా ఉన్నందున తొలగించడమైనది అని ఉంది. అది సంతకానికి పెడితే నా పని అయిపోయేది. నేను రికార్డు గది తాళం అడిగాను. రెండు మధ్యాహ్నాలు దుమ్ములో కూర్చుని పాత పనుల రిజిస్టర్లు తిరగేశాను. మూడోరోజు దొరికింది. ఆ కాలువ, ఆ చోటు, కాలిబాట బండలకు మరమ్మతు, ఒక బండ పగిలితే కొత్తది వేయించడం. అప్పటి ఇంజినీరు సంతకం, మా ఆఫీసు ముద్ర.

చిత్తునూ రిజిస్టరునూ పక్కపక్కన హెడ్ క్లర్కు బల్ల మీద పెట్టాను. ఆయన అద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివాడు.

"ఇది ఎవరన్న చూసిన్రా?"

"నేను చూసిన సార్."

రిజిస్టరు అంచుల దుమ్ము వేలితో తుడిచాడు. "చూసినంక చూడలేదని ఎట్ల రాస్తవ్? ఉన్నది ఉన్నట్టు రాయి. పైకి నేను తీస్కపోత" అన్నాడు.

ఇంజినీరుగారు కొత్తగా బదిలీ అయి వచ్చారు. మమ్మల్నిద్దరినీ పిలిచారు. రిజిస్టరు చూసి, "ఇది మన ముద్రేనా?" అని అడిగారు. మనదే అన్నాను. నక్షా తెప్పించుకుని, క్యాంపు ఎక్కడ, బడి ఎక్కడ, రోడ్డు వంతెన ఎక్కడ అని వేలితో గీతలు గీసుకున్నారు. "ఇంత చుట్టా?" అని తనలో తను అనుకున్నట్టు అన్నారు. తప్పు ఎవరిదన్న మాట ఎత్తలేదు. ఎండాకాలంలో కాలువకు నీళ్ళు ఆపగానే పని పెట్టమని కింది ఆఫీసుకు రాయించారు. ఫైల్లో మాత్రం, ప్రజల కోరిక మేరకు అని రాశారు. దావా వల్ల అని రాస్తే శాఖకు చిన్నతనం కాబోలు. నాకేమీ అనిపించలేదు.

నీళ్ళు బందైన నెలలోనే సిమెంటు పలకలతో సన్నటి వంతెన వేశారు. కోర్టులో దాఖలు చెయ్యడానికి ఫొటోలు, కొలతలు కావాలని ఒక జూనియరు ఇంజినీరుతో నన్నూ పంపారు. దాని గురించి అన్ని కాగితాలు రాసిన నేను ఆ చోటికి వెళ్ళడం అదే మొదటిసారి. కాలువ నేననుకున్నంత చిన్నది కాదు. గట్టు ఎత్తు కూడా. గర్భిణిని మంచం మీద మోసుకుపోయారన్న మాట ఆ గట్టు మీద నిలబడినప్పుడు వేరేగా వినిపించింది.

వేసవి సెలవుల్లోనూ ఆ ఏడు బడిలో భోజనం పెడుతున్నారు. ఆమె గరిటె పక్కనబెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. వంతెన మీద నాతోపాటు నడుస్తూ, "పలకలు బాగున్నాయండీ. కానీ కడ్డీ ఒక పక్కే పెట్టారు. పిల్లలు పరిగెత్తేది ఈ పక్కనుంచి. దీనికి కూడా నోటీసియ్యాలా, చాచాని మళ్ళీ పిలవాలా?" అంది.

జూనియరు ఇంజినీరు గట్టిగా నవ్వాడు. "వద్దమ్మా, నేను రాసుకుంటున్నా" అని తన పుస్తకంలో రాసుకున్నాడు. నెల తర్వాత రెండో కడ్డీ పడింది.

కోర్టులో మేం వంతెన వేసినట్టు కాగితం దాఖలు చేశాం. ఇక తమకు కోరేదేమీ లేదని వాళ్ళిద్దరూ చెప్పారు. దావా ముగిసింది. ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అని ఆ ఆదేశంలో ఎక్కడా లేదు. ఆమె కూడా అది వెతకలేదు. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట ఆమెకు తిరిగి వచ్చాయి.

కొలతలు తీసిన రోజున పని ముగిసేసరికి రెండు దాటింది. బస్సుకు ఇంకా టైముందని ఆమె నన్ను వదల్లేదు. బడి వరండాలో చాప వేసి, అన్నం, పప్పుచారు, వంకాయ కూర వడ్డించింది. ఆమెతో కలిసి వండే ఆవిడ నా వైపు చూసి, "ఎవరొదినా ఈవిడ, మీ బంధువులా?" అని అడిగింది.

"కాదు. కోర్టులో మన ఎదుటి పక్షం" అందామె.

ఆవిడ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. నాకు నవ్వాగలేదు. పొలమారి నీళ్ళు తాగాల్సొచ్చింది.

"ఎదుటి పక్షమైతే మాత్రం ఆకలెయ్యదా? ఆ కూర ఇంకొంచెం వెయ్యి" అని, ఆమె నా కంచంలో తనే ఇంకో గరిటెడు అన్నం పెట్టింది.